మైదానపు సహచరులు, సంఘపు ప్రత్యర్థులు

దిల్‌సుఖ్‌నగర్ నుండి చైతన్యపురి మీదుగా ఎల్బీనగర్ వరకు సాగు రహదారిపై ఆదివారపు ఉదయమున నిలిచి చూచువారికి, బ్యాటు పిడులు పైకి పొడుచుకొని వచ్చిన బరువైన సంచులను వీపున మోయుచు, మెట్రో మెట్లు దిగి విక్టోరియా మెమోరియల్ మైదానము వైపు వడివడిగా నడచిపోవు బాలుర గుంపులు అగపడును. వీరిలో కొందరు సరూర్‌నగర్, కొత్తపేట కాలనీలలో పుట్టి పెరిగినవారు. మరికొందరు నల్లగొండ, ఖమ్మము, గుంటూరు, ప్రకాశము జిల్లాల నుండి చదువు కొఱకు వచ్చి ఇచ్చటి హాస్టళ్లలో చేరినవారు. జట్లు పంచుకొనునప్పుడు ఎవడు ఏ జిల్లావాడో, ఎవని తండ్రి ఏ పార్టీవాడో వారికి స్ఫురింపదు; బంతి ఎవడు బాగుగ వేయునో అది ఒక్కటే వారికి కావలయును. ఎల్బీనగర్ కూడలి నుండి నాగోలు వంతెన దాటి కొలది దూరము పోయినచో ఉప్పల్ స్టేడియము వచ్చును. 2005 నవంబరులో భారత, దక్షిణాఫ్రికా జట్ల పోటీతో అంతర్జాతీయ క్రికెట్ పటమునకెక్కిన ఆ ఆవరణమే ఈ బాలుర కలలకు గమ్యము.

దూరము స్వల్పమే గాని దారి సుగమము కాదు. ఒకప్పుడు ఒకే జట్టున ఆడి, ఒకే గదిలో దుస్తులు మార్చుకొని, ఒకరి విజయమునకు మరొకరు చేతులు చరచినవారు, నేడు భిన్న రాజకీయ పక్షముల ఛాయలలో నిలిచి, న్యాయస్థానములలోను పత్రికా సమావేశములలోను పరస్పరము దోషారోపణములు చేసికొనుచుండుట ఆ దారికి అడ్డముగ నిలిచిన మహావిఘ్నము. ఈ వైరము కేవలము వ్యక్తుల స్వభావదోషము వలన జనించినది కాదనియు, క్రికెట్ సంఘములలోని ఓట్ల ఏర్పాటే దానిని పెంచి పోషించుచున్నదనియు, ఆ ఏర్పాటును మార్చనిదే ఎంతటి కీర్తిమంతుడైన ఆటగాడు అధ్యక్షపీఠమెక్కినను ఫలితము మారదనియు నా దృఢవిశ్వాసము.

ఈ నగరపు క్రికెట్‌కు మైత్రి పరాయి సంప్రదాయము కాదు. భారత జట్టుకు నాయకుడైన పటౌడీ నవాబు హైదరాబాదు పక్షమున రంజీ పోటీలలో ఆడినపుడు ఎం.ఎల్. జయసింహ నాయకత్వమున ఒక సామాన్య సభ్యునిగ ఆడెను. అదే జయసింహ భారత జట్టున పటౌడీ నాయకత్వమున ఆడెను. 1968లో బ్రిస్బేను నగరమునకు ఆలస్యముగ చేరి, సరియైన సాధనకైన వ్యవధి లేక, 74 పరుగులును 101 పరుగులును చేసి జయసింహ తన జట్టును విజయపు అంచుదాక తెచ్చినది పటౌడీ నాయకత్వముననే. ఒకచోట ఆజ్ఞాపించినవాడు మరొకచోట ఆజ్ఞకు లోబడుటలో వారికి చిన్నతనము తోపలేదు. తరువాత పటౌడీ రెండుమారులు లోక్‌సభ ఎన్నికలలో నిలిచి ఓడెను. ఆ రాజకీయము వారి స్నేహమును తాకలేదు. అందుకు కారణము స్పష్టము: హైదరాబాదు జట్టు నాయకత్వము నాడు ఏ ఓట్ల పెట్టెలోను పడియుండలేదు.

నాయకత్వము ఓట్ల పెట్టెలో పడినపుడు ఏమగునో తెలిసికొనుటకు మరియొక తెలుగు ఉదాహరణము కలదు. 1936లో ఇంగ్లండునకు పోవలసిన భారత జట్టుకు నాయకుని భారత క్రికెట్ బోర్డు సభ్యులు ఓట్లతో ఎన్నుకొనగా, ఆ పదవి కొఱకు సంస్థానాధీశుల నడుమ సాగిన మంతనములలో నేర్పరియై విజయనగర రాజవంశజుడగు మహారాజకుమారుడు విజ్జీ గెలిచెను. 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశపు మొట్టమొదటి టెస్టుకు నాయకత్వము వహించిన సి.కె. నాయుడు, బందరు మూలములు గల తెలుగు కుటుంబమున పుట్టిన మహావీరుడు, ఈసారి విజ్జీ చేతిక్రింద ఆడవలసివచ్చెను. జట్టు రెండు ముఠాలుగ చీలెను. అద్భుతముగ ఆడుచుండిన లాలా అమరనాథ్‌ను మొదటి టెస్టునకు ముందే క్రమశిక్షణ పేరిట ఇంటికి పంపివేసిరి. అల్పాహారపు బల్లవద్ద నాయుడును అవమానించిన ఒక ఆటగానికి అందులకు ప్రతిఫలముగ టెస్టు స్థానము లభించెనన్న కథ క్రికెట్ చరిత్రలో నేటికిని చెప్పుకొనబడుచున్నది. మాంచెస్టరులో మర్చంట్, ముస్తాక్ అలీ తొలి వికెట్టుకు 203 పరుగులు జోడించి ప్రతిభ చాటినను, భారతము ఆ పర్యటనమున రెండు టెస్టులు ఓడెను. తరువాత విచారణ జరిపిన బ్యూమాంట్ సంఘము విజ్జీ నాయకత్వమును తప్పుపట్టెను. ఇంతటి నాయకుడు మూడు టెస్టులలో చేసిన పరుగులు 33 మాత్రమే. అయినను ఆయన 1950ల నడుమ బోర్డు అధ్యక్షుడాయెను, పార్లమెంటు సభ్యుడును ఆయెను. ఆటలో విఫలుడైనవానికి సంఘమున సాఫల్యము దొరకునని ఆనాడే ఋజువైనది.

ఇక మన కాలపు కథకు వత్తము. 1986-87లో హైదరాబాదు రంజీ విజేతగా నిలిచెను. 1937-38 తరువాత ఈ జట్టుకు లభించిన రెండవ విజయమది, నేటివరకు చివరిదియు నదియే. ఆ తరమువారిలో మూడు పేర్లు దేశమంతట వెలసెను. 35 టెస్టులాడి 102 వికెట్లు తీసిన శివలాల్ యాదవ్. ఆయన తరువాత అదే ఆఫ్‌స్పిన్ బాధ్యతను 13 టెస్టులలో మోసిన అర్షద్ అయూబ్. 1984 డిసెంబరు 31న కలకత్తాలో ప్రారంభమైన టెస్టున అడుగిడి, మొదటి మూడు టెస్టులలో మూడు శతకములు కొట్టి ప్రపంచమును విస్మయపరచిన మహమ్మద్ అజహరుద్దీన్. ముగ్గురును హైదరాబాదుకును ఆడిరి, భారతదేశమునకును ఆడిరి. స్పిన్నరుల బంతికి దగ్గరగ నిలిచి అజహరుద్దీన్ పట్టిన క్యాచ్‌లు చూచినవారికి, ఆ బౌలరులకును ఆ ఫీల్డరుకును గల అన్యోన్యము నేటికిని కనులయెదుట మెదలును.

ఆ అన్యోన్యము సంఘభవనపు గుమ్మమువద్ద నిలువలేదు. అర్షద్, శివలాల్ ఆట విరమించిన పిదప హైదరాబాదు క్రికెట్ సంఘపు పాలనలో ప్రవేశించి అధికారము చెలాయించిరి. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణపై 2000లో బోర్డు తనకు విధించిన జీవితకాల నిషేధమును 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టివేసిన తరువాత, అప్పటికే 2009లో మొరాదాబాదు నుండి కాంగ్రెసు పక్షమున లోక్‌సభకు ఎన్నికైయున్న అజహరుద్దీన్ దృష్టి ఈ సంఘముపై నిలిచెను. 2017లో ఆయన నామపత్రము తిరస్కరింపబడెను. ఆ ఎన్నికలో అధ్యక్షుడైనది మాజీ పార్లమెంటు సభ్యుడు జి. వివేక్. 2018 జనవరిలో సంఘ సమావేశమునకు వచ్చిన మాజీ భారత సారథిని లోనికి రానీయక నిలిపివేసిరి. 99 టెస్టులాడినవాడు తన ఊరి సంఘపు తలుపువద్ద వేచియుండవలసివచ్చిన ఆనాడు ఆయనకు కలిగిన అవమానమును నేను తేలికగ తలపజాలను. 2019 సెప్టెంబరులో 147 ఓట్లతో గెలిచి ఆయన అధ్యక్షుడైనపుడు, ఎట్టకేలకు ఒక ఆటగాడు ఆటను పాలించునని సంతసించినవారిలో ఈ తూర్పు ప్రాంతపు క్రికెట్ అభిమానులు అనేకులు.

ఆ సంతోషము అల్పకాలికమాయెను. అదే సంవత్సరము నవంబరులో అంబటి రాయుడు సంఘమున అవినీతి ప్రబలినదని ఎలుగెత్తి, తన మొరను నాటి మంత్రి కె.టి. రామారావునకు విన్నవింపగా, అధ్యక్షుడు అతనిని నిరాశ చెందిన ఆటగాడని త్రోసిపుచ్చెను. ఒక క్రికెటరు తన బాధను సంఘమునకు గాక మంత్రికి చెప్పుకొనవలసివచ్చుటలోనే సంఘపు స్థితి యంతయు తెల్లమగుచున్నది. 2021లో కార్యవర్గము అధ్యక్షుని పదవినుండి తాత్కాలికముగ తొలగింపగా, అంబుడ్స్‌మన్ ఆయనను తిరిగి నిలిపెను. 2022లో సుప్రీంకోర్టు ఒక పర్యవేక్షణ సంఘమును నియమించెను. ఆ సెప్టెంబరులో భారత, ఆస్ట్రేలియా పోటీ టికెట్ల కొఱకు జింఖానా మైదానమువద్ద జరిగిన తొక్కిసలాటలో ప్రేక్షకులు గాయపడిరి. ఆ సంవత్సరాంతమున, అజహరుద్దీన్ పదవీకాలము ముగిసినదనియు ఎన్నికలు జరుపవలెననియు కోరుచు ఎదుటిపక్షమున నిలిచినవారిలో అర్షద్ అయూబ్, శివలాల్ యాదవ్ ప్రముఖులు. ఒకప్పుడు ఒకరి బంతికి మరొకరు క్యాచ్ పట్టినవారు ఒకరి పదవికి మరొకరు గడువు చెప్పుకొను దశకు చేరిరి.

2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావును ఏకసభ్య సంఘముగ నియమించెను. ఆయన పరిశీలనలో తేలిన ఒక విషయము ఈ కథకెల్ల కీలకము. సంఘమున ఓటుహక్కు గల క్లబ్బులలో అనేకము కొలదిమంది వ్యక్తుల, కుటుంబముల చేతులలో ఇరుకుకొనియున్నవని గుర్తించి, ఆయన 57 క్లబ్బులను మూడేండ్లపాటు ఎన్నికలకు దూరము చేసెను. అజహరుద్దీన్ కూడ ఏకకాలమున సంఘమునకును డెక్కన్ బ్లూస్ అను క్లబ్బునకును అధ్యక్షుడైయుండుట కారణముగ అనర్హుడాయెను. ఆ సంవత్సరపు నవంబరులో, ఉప్పల్ స్టేడియపు పనులలో సుమారు 20 కోట్ల రూపాయలు దుర్వినియోగమైనవన్న ఆరోపణపై శివలాల్, అర్షద్, మరియొక మాజీ అధ్యక్షుడు వినోద్ గృహములలో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ సోదాలు జరిపెను. వినోద్ అప్పటికి శాసనసభ ఎన్నికలలో కాంగ్రెసు అభ్యర్థి. 2024 అక్టోబరులో అదే సంస్థ అజహరుద్దీన్‌ను ప్రశ్నించెను. ఆరోపణ నేరము కాదు; న్యాయస్థానము తీర్పు చెప్పువరకు వీరినెవరిని దోషులనుట ధర్మము కాదు. కాని ఒకే జట్టున ఆడిన ముగ్గురును ఒకే దర్యాప్తు సంస్థ యెదుట నిలువవలసివచ్చుటకు మించిన విషాదము ఆ జట్టును ప్రేమించినవారికి ఏమి కలదు?

రాజకీయము ఇచ్చట ఆగలేదు. 2023 అక్టోబరులో నాటి పాలకపక్షపు అండతో అత్యల్ప ఆధిక్యమున గెలిచి అధ్యక్షుడైన జగన్‌మోహనరావు 2025 జులైలో, ప్రభుత్వము మారిన తరువాత, పత్రముల ఫోర్జరీ ఆరోపణపై సీఐడీ చేత అరెస్టాయెను. దానికి ముందు 3,900 ఉచిత టికెట్ల విషయమున ఐపీఎల్ జట్టు సన్‌రైజర్స్ యాజమాన్యమునకును సంఘమునకును నడుమ రేగిన కలహము ప్రభుత్వ విచారణకు దారితీసెను. 2025 ఏప్రిల్‌లో ఉత్తరపు స్టాండునకు గల అజహరుద్దీన్ పేరును తొలగింపవలెనని అంబుడ్స్‌మన్ ఆదేశింపగా, హైకోర్టు ఆ ఆదేశమును నిలిపివేసెను. ఆ స్టాండుపై అంతకుముందు వి.వి.ఎస్. లక్ష్మణ్ పేరుండెనన్నది ఫిర్యాదు. ఒకే నగరమున పుట్టి, ఒకే భారత జట్టున ఆడిన ఇద్దరు మణికట్టు మాంత్రికుల పేర్లను ఒక గోడపై ప్రత్యర్థులుగ నిలిపి వ్యాజ్యము సాగించుట చూచి, ఇరువురి ఆటను ఆరాధించిన హృదయములు ఎంత క్షోభించెనో చెప్పనలవి కాదు. 2025 అక్టోబరు 31న అజహరుద్దీన్ తెలంగాణ మంత్రిగ ప్రమాణస్వీకారము చేసెను.

ఇది హైదరాబాదునకు మాత్రమే పట్టిన వ్యాధియని ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో చదువుకొను యువకులు భావింపరాదు. 2021 జనవరిలో సిడ్నీలో తొడకండరము చిరిగిన స్థితిలో 161 బంతులెదుర్కొని 23 పరుగులతో అజేయుడై దేశమును పరాజయమునుండి కాపాడిన హనుమ విహారి, 2023లో మణికట్టు విరిగినను ఎడమచేతివాటమున నిలిచి ఆంధ్ర జట్టు కొఱకు పోరాడెను. అట్టివాడు 2024 జనవరిలో బెంగాలుతో జరిగిన తొలి రంజీ పోటీ పిదప నాయకత్వమును కోల్పోయెను. ఫిబ్రవరి 26న, మధ్యప్రదేశ్ చేతిలో ఆంధ్ర 4 పరుగుల తేడాతో ఓడిన దినముననే, ఆయన కారణమును బహిర్గతము చేసెను: జట్టులోని పదిహేడవ ఆటగానిపై తాను కోపముతో అరువగా, అతడు రాజకీయ నాయకుడైన తన తండ్రికి చెప్పెననియు, ఆ తండ్రి సంఘముపై ఒత్తిడి తెచ్చెననియు, ఆత్మగౌరవము పోయినచోట తాను ఇక ఆడననియు. ఆ ఆటగాడు ఈ కథనమును ఖండించెను. సంఘము విహారి దుర్భాషలాడెనని ప్రత్యారోపణ చేసెను. జట్టులోని పలువురు సంతకములు చేసి తమకు విహారియే నాయకుడుగ కావలెనని తెలిపిరి. ఒక వారములోపల ఒకే జట్టువారు బహిరంగముగ రెండు పక్షములైరి.

శాసనసభ ఎన్నికలు ముంగిట నుండుటచే ప్రతిపక్ష నాయకులు పలువురు విహారి పక్షమున గళమెత్తిరి. జూన్ 4న ఫలితములు వెలువడి ప్రభుత్వము మారెను. విహారి కొత్త ప్రభుత్వపు మంత్రి నారా లోకేశ్‌ను కలిసి, తిరిగి ఆంధ్రకే ఆడుదునని ప్రకటించెను. ఆ సంవత్సరమే విజయవాడ పార్లమెంటు సభ్యుడు కేశినేని శివనాథ్ ఆంధ్ర క్రికెట్ సంఘపు అధ్యక్షుడాయెను. అనేకులు ఇది న్యాయమునకు కలిగిన జయమని హర్షించిరి. నేను హర్షింపజాలకపోతిని. ఒక పార్టీ నాయకుని మాటపై పదవి పోయిన ఆటగానికి మరియొక పార్టీ గెలిచినందున గౌరవము తిరిగివచ్చినచో, నష్టపరచినదియు ఆదుకొన్నదియు ఒకే శక్తియైనది. ఆ శక్తి తరువాతి ఎన్నికలో ఎటు తిరుగునో ఎవరెఱుగుదురు? 2025లో విహారి ఆంధ్రను వీడి త్రిపుర జట్టున చేరెను. కాకినాడలో పుట్టి, హైదరాబాదున క్రికెట్ నేర్చి, దేశము కొఱకు గాయములతో పోరాడినవానికి రెండు తెలుగు రాష్ట్రములలోను నిలువ నీడ లేకపోయినదన్న సత్యమును ఏ పార్టీ గెలుపును కప్పిపుచ్చజాలదు.

రాజకీయ నాయకులకు ఈ సంఘములపై ఇంతటి మమకారమేల యని ప్రశ్నించినచో, సమాధానము ఓట్ల పట్టికలోనే కలదు. లక్షలాది అభిమానులు గల క్రీడకు పాలకులను నిర్ణయించునది కొలదిపాటి ఓట్లు. వానిలో అధికము క్లబ్బు కార్యదర్శులవి. నియోజకవర్గమున లక్షమందిని ఒప్పింపవలసిన నాయకునికి, ఇచ్చట నూటయేబదిమందిని దగ్గరచేసికొన్నచో చాలును. ఆ పిమ్మట బోర్డు నిధులు, ఉప్పల్ స్టేడియము, ఐపీఎల్ టికెట్లు, సెలెక్షన్‌పై పలుకుబడి వాని వశమగును. క్లబ్బులు గలవానికి ఓట్లు కావలెను, ఓట్లు గలవానికి పార్టీ అండ కావలెను, పార్టీకి ప్రజలు గుర్తించు కీర్తిమంతుడైన ఆటగాడు కావలెను. ఈ త్రివిధ ప్రయోజనముల నడుమ చిక్కిన మాజీ ఆటగాడు, తన పాత సహచరుని ఎదిరింపక అధికారమున నిలువజాలడు. ఎద్దులు పోట్లాడిన లేగల కాళ్లు విరిగినట్లు, ఈ సంఘర్షణమున నలిగిపోవునది విక్టోరియా మెమోరియల్ మైదానమున ఎండలో బంతులు వేయుచున్న పదునాలుగేండ్ల బాలుడు. అతని లీగ్ పోటీ వాయిదాపడును. అతని సెలెక్షన్ ఏ క్లబ్బు తరపున ఆడుచున్నాడన్నదానిపై ఆధారపడును. అతని తండ్రి ఎవరినైన ఎఱుగునా యని అడుగుదురు.

చికిత్స మనకు తెలియనిది కాదు. జస్టిస్ లోఢా సంఘపు సిఫారసులను 2016 జులైలో సుప్రీంకోర్టు ఆమోదించి, మంత్రులు, ప్రభుత్వోద్యోగులు క్రికెట్ పదవులు వహింపరాదనియు, డెబ్బదియేండ్లు దాటినవారు విరమింపవలెననియు, అంతర్జాతీయ స్థాయిలో ఆడినవారికి రాష్ట్ర సంఘములలో సభ్యత్వమీయవలెననియు నియమించెను. కాని మంత్రిపదవి లేని శాసనసభ్యుడు, పార్లమెంటు సభ్యుడు, పార్టీ కార్యదర్శి ఆ నిషేధమునుండి తప్పించుకొనుచున్నారు. ఈ సందును మూసివేయవలెను. పార్టీ పదవి, చట్టసభ సభ్యత్వము, క్రికెట్ పదవి అను వానిలో ఒకదానిని ఎన్నుకొనుటకు ప్రతివారిని బద్ధులను చేయవలెను. ఒక కుటుంబమునకు ఒక క్లబ్బు, ఒక ఓటు అను నియమమును మూడేండ్ల శిక్షగ గాక శాశ్వత ధర్మముగ నిలుపవలెను. రంజీ పోటీలలో నిర్ణీత సంఖ్యలో ఆడిన ప్రతి పురుషునకును, ప్రతి మహిళకును ఓటుహక్కు కల్పించినచో, క్లబ్బు కార్యదర్శుల ఏకాధిపత్యము తనంతట తానే సడలును. సెలెక్షన్ సమావేశపు నిర్ణయములను, వానికి గల కారణములను, సంఘపు జమాఖర్చులను, ఉచిత టికెట్లు ఎవరికి పోయినవో ఆ జాబితాను ప్రతి సంవత్సరము ప్రజలయెదుట ఉంచవలెను. తండ్రి పలుకుబడి పనిచేయుటకు చీకటి కావలెను. లెక్కలు బహిరంగమైనచో ఆ చీకటి మిగులదు.

మాజీ ఆటగాండ్రకు నా విన్నపమొకటి కలదు. మీ నడుమ భేదాభిప్రాయములుండుట తప్పు కాదు. సంఘపాలనలో ఎవరైన తప్పు చేసినచో దానిని ఎదిరించుట మీ విధియు నగును. కాని ఆ ఎదిరింపు లెక్కలతో జరుగవలెను, పార్టీ అండతో కాదు. ఏ ప్రభుత్వము వచ్చినను, ఏ ప్రభుత్వము పోయినను, మీ ప్రశ్న ఒక్కటే యై యుండవలెను: ఈ సంవత్సరము ఎన్ని లీగ్ పోటీలు సకాలమున జరిగినవి, ఎందరు పిల్లలు నిష్పక్షపాతముగ ఎన్నికైరి? ఆ ప్రశ్నపై మీరు ముగ్గురు, నలుగురు ఒకే వేదికపై నిలిచినచో, ఏ నాయకుడును మిమ్ము విడదీయజాలడు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ తలిదండ్రులకును ఒక మాట. మీ పిల్లవానిని జట్టులోనికి తెచ్చుటకు ఏ నాయకుని ఇంటికిని పోకుడు. అట్లు పోయి సంపాదించిన స్థానము రేపు మరొకరి పిల్లవానికి జరిగిన అన్యాయమగును, ఎల్లుండి మీ పిల్లవానికే ఎదురు తిరుగును. మీ ప్రాంతమున క్లబ్బు నడపువారిని ఓటు ఎవరిదని, పద్దులు ఎక్కడని, సెలెక్షన్‌కు ప్రమాణమేమని నిర్భయముగ అడుగుడు. 1987 తరువాత హైదరాబాదు రంజీ ట్రోఫీని మరల గెలువలేదు. ప్రతిభ లేక కాదు. ప్రతిభను ఓట్లకు తాకట్టుపెట్టినందుననే గెలువలేదని నేను దృఢముగ విశ్వసించుచున్నాను. ఆ తాకట్టును విడిపింపవలసిన బాధ్యత ఆటగాండ్రది, న్యాయస్థానములది, అన్నిటికి మించి ప్రశ్నింపగల పౌరులది.